నాలుగు కాటాలు, ఒకే పేరు: సార్వా (ఖరీఫ్) కోతలకు ముందు చేసిన డేటాబేసు నెట్‌వర్కు పని డైరీ

ఆగస్టు 28

మండపేటలోని ఒక ధాన్యం మిల్లువారు ఈరోజు పని అప్పగించారు. మిల్లు ఆవరణలో ఒక కాటా, గౌతమి దాటాక రావులపాలెంలోను, కొత్తపేటలోను, వసిష్ఠ ఒడ్డున రాజోలులోను ఒక్కొక్కటి చొప్పున మొత్తం నాలుగు కాటాలు వారికి ఉన్నాయి. ఇంతవరకు ఏ కాటాకు ఆ కాటా తన కంప్యూటరులోనే చీటీలు నమోదు చేసుకుని, రాత్రి పొద్దుపోయాక లెక్కలను ఫోనులో చదివి మండపేటకు చెప్పడం ఆనవాయితీ. నిండు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, 75 కిలోల బస్తాల లెక్క, రైతు ఖాతా సంఖ్య అన్నీ నోటిమాటగా వెళ్తుంటే తప్పులు దొర్లక మానవు. గత దాళ్వాలో (రబీ పంటలో) దొర్లిన తప్పులను సరిచేయడానికే గుమాస్తా గారికి రెండు వారాలు పట్టిందట. ఇకపై నాలుగు కాటాల చీటీలూ కాటా పడిన క్షణంలోనే మండపేటలోని ఒకే ఒరాకిల్ డేటాబేసులోకి చేరాలన్నది యజమాని గారి కోరిక. చీటీల ప్రోగ్రామును ఇంతకుముందే వేరొకరు సిద్ధం చేసి ఇచ్చారు. కాటా గదికీ డేటాబేసుకూ మధ్య దారి వేయడం, ఆ దారిని కాపాడటం, విపత్తులో దాన్ని వేరే చోటికి మళ్ళించగలగడం నా వంతు.

సర్వరు రెండు చోట్ల ఉంటుంది. అసలుది మండపేట మిల్లు కార్యాలయంలోను, రెండవది ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన రాజమహేంద్రవరంలోని వారి అద్దె గదిలోను పెట్టాలని నిర్ణయించాము. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసిన రోజు యజమాని గారికి బాగా గుర్తు. కోతల వేళకే తుపాను వస్తుందన్నది ఇక్కడివారికి అనుభవం నేర్పిన సంగతి కనుక, రెండవ సర్వరు కోనసీమలో ఉండకూడదని ఆయనే ముందుగా అన్నారు.

ఆగస్టు 31

సర్వర్లు రెండింటిలోను ఒరాకిల్ డేటాబేసు 19సీ కూర్పు, స్టాండర్డ్ ఎడిషన్ 2 ఎక్కించడం పూర్తయింది. నెట్‌వర్కు అమరికకు ఒరాకిల్ నెట్ మేనేజర్ అనే బొమ్మల తెర ఉన్న పనిముట్టునే వాడాలని నిశ్చయించుకున్నాను. అనుభవం ఉన్నవారు చాలామంది ఫైళ్ళను నేరుగా దిద్దుతారు, నేనూ దిద్దగలను. కానీ నేను వెళ్ళిపోయాక ఈ అమరికను చూసుకోవలసినవారు గుమాస్తా గారు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డిగ్రీ చదివిన కుర్రవాడు. తెర మీద విడివిడిగా పేర్లు, చిరునామాలు, లిజనర్లు (సర్వరుకు వచ్చే పిలుపులను వినే ప్రోగ్రాములు) కనిపిస్తే వారికి ఏది ఎక్కడిదో తెలుస్తుంది. ఫైళ్ళలోని బ్రాకెట్లు లెక్కపెట్టుకోవలసిన పని ఉండదు.

ఆ తెరలో ఎడమవైపు మూడు ముఖ్యమైన కొమ్మలు ఉంటాయి. ప్రొఫైల్ అన్నది ఈ యంత్రం మొత్తానికి వర్తించే నియమాలది. దాన్ని దిద్దితే ఎస్‌క్యూఎల్‌నెట్.ఓరా అనే ఫైలు మారుతుంది. సర్వీస్ నేమింగ్ అన్నది పేర్ల పట్టిక, అది టీఎన్‌ఎస్‌నేమ్స్.ఓరాలోకి వెళ్తుంది. లిజనర్లు అన్నది సర్వరు వైపు మాత్రమే అవసరమైనది, అది లిజనర్.ఓరా. పనిముట్టు చేసేదంతా ఈ మూడు వచన ఫైళ్ళను రాయడమే కనుక, ప్రతి మార్పుకు ముందు మూడింటికీ తేదీతో నకలు తీసి పెట్టుకుంటున్నాను.

కుర్రవాడికి సంగతి ఇలా చెప్పాను. శివారు పొలానికి నీరు అందకపోతే రైతు పొలంలో నిలబడి ఆకాశం వైపు చూడడు; బోదె వెంట నడిచి పిల్లకాలువ దగ్గరికి, అక్కడినుంచి లాకుల దగ్గరికి వెళ్ళి, నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తాడు. ఇక్కడా అంతే. కాటా ప్రోగ్రాము ఒక పేరు అడుగుతుంది. ఆ పేరు చిరునామాగా మారాలి. ఆ చిరునామాకు దారి తెరిచి ఉండాలి. ఆ చిరునామాలో లిజనర్ మేలుకొని ఉండాలి. అడిగిన సర్వీసు (డేటాబేసును పిలవడానికి పెట్టిన పేరు) ఆ లిజనర్‌కు తెలిసి ఉండాలి. చివరగా లోపల ఖాతా పేరు, పాస్‌వర్డు సరిపోవాలి. ఎక్కడ ఆగిందో ఎర్రర్ సంఖ్యే చెబుతుంది.

సెప్టెంబరు 3, రావులపాలెం

కాటా గదిలోని కంప్యూటరులో నెట్ మేనేజర్ తెరిచి, సర్వీస్ నేమింగ్ కింద కొత్త పేరు చేర్చాను. పేరు కాటా, ప్రోటోకాల్ టీసీపీ, యంత్రం మండపేట సర్వరు, పోర్టు (సర్వరు తలుపు సంఖ్య) 1521, సర్వీసు పేరు కూడా కాటాయే. ఈ సర్వీసును డేటాబేసులో ప్రత్యేకంగా సృష్టించాను. డేటాబేసు అసలు పేరును కాటా గదులకు చెప్పకపోవడం కావాలని చేసిన పని. దాని ప్రయోజనం తరువాత రాస్తాను.

మొదట వచ్చినది ఓఆర్‌ఏ-12154, అంటే పేరే చిరునామాగా మారలేదు. నేను ఇప్పుడే రాసిన పేరు కంటి ముందే ఉంటే ప్రోగ్రాము దాన్ని ఎందుకు చూడలేదో అర్థం కాక అరగంట వెతికాను. ఆ కంప్యూటరులో పాత ఒరాకిల్ క్లయింటు ఒకటి ఎప్పటినుంచో ఉండిపోయింది. నెట్ మేనేజర్ తన ఇంటి ఫైలును దిద్దుతోంది, ప్రోగ్రాము పాత ఇంటి ఫైలును చదువుతోంది. టీఎన్‌ఎస్_అడ్మిన్ అనే పరిసర చరరాశిని (పట్టిక ఏ ఫోల్డరులో ఉందో చెప్పే అమరికను) ఒకే ఫోల్డరు వైపు చూపేలా పెట్టగానే ఇద్దరూ ఒకే పట్టికను చదవడం మొదలుపెట్టారు.

ఆ ఫోల్డరును మండపేటలో ఒక్కచోటే ఉంచి అందరూ అక్కడినుంచే చదవవచ్చు కదా అని కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ మండపేట యంత్రం ఆగిపోయిన రోజున, మరో సర్వరు ఎక్కడుందో చెప్పవలసిన పట్టిక కూడా దానితోపాటే ఆగిపోతుంది. అందుకే పట్టికను ఒకచోట తయారుచేసి, నాలుగు చోట్లా నకళ్ళు ఉంచుతున్నాము.

రెండవసారి ఓఆర్‌ఏ-12170 వచ్చింది. జవాబు లేకుండా నిమిషం సేపు ఆగి, అప్పుడు విఫలమైంది. మామూలు పింగ్‌కు సర్వరు పలుకుతోంది, 1521కు పలకడం లేదు. ఈ తేడా గుర్తుంచుకోదగినది: వెంటనే తిరస్కరణ వస్తే అవతల యంత్రం ఉందిగాని తలుపు దగ్గర ఎవరూ లేరని అర్థం; చాలాసేపు మౌనంగా ఉండి విఫలమైతే మనం పంపిన సమాచారపు పొట్లాన్ని మధ్యలో ఎవరో పారేస్తున్నారని అర్థం. మండపేటలోని వీపీఎన్ (ఊళ్ళ మధ్య వేసిన గుప్త దారి) రూటరులో ఈ పోర్టుకు అనుమతి రాయలేదు. రాశాక ఓఆర్‌ఏ-12541 వెంటనే వచ్చింది. అంటే దారి తెరుచుకుంది, లిజనర్ మాత్రం లేదు. ఈరోజుకు ఇక్కడికి ఆపాను.

సెప్టెంబరు 7, మండపేట

లిజనర్ ఉంది; నాలుగు రోజులుగా నడుస్తూనే ఉంది; సర్వరు మీద కూర్చుని ప్రయత్నిస్తే చక్కగా పలుకుతోంది. నెట్ మేనేజర్‌లో లిజనర్లు కొమ్మ కింద వినే స్థానాల పేజీ చూస్తే యంత్రం పేరు సరిగానే ఉంది. అయితే సర్వరులోని హోస్ట్స్ ఫైలులో ఆ పేరు 127.0.0.1కు, అంటే యంత్రం తనను తానే పిలుచుకునే చిరునామాకు, కట్టి ఉంది, కనుక లిజనర్ తన లోపలివారి మాట మాత్రమే వింటోంది. హోస్ట్స్ ఫైలును సరిదిద్ది, లిజనర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను.

తరువాతిది ఓఆర్‌ఏ-12514: లిజనర్ పలికింది, కానీ కాటా అనే సర్వీసు తనకు తెలియదంటోంది. సర్వీసులను లిజనర్‌కు నమోదు చేసే పని డేటాబేసులోని ఎల్‌రెగ్ అనే నేపథ్య ప్రక్రియది. లిజనర్ కొత్తగా మొదలైతే నమోదుకు నిమిషం వరకు పట్టవచ్చు. తొందరైతే నమోదు చేయమని ఆదేశం ఇవ్వవచ్చు. ఆదేశం ఇచ్చినా మారలేదు. సాయంత్రమైపోయింది, కొత్తపేటలో నా కోసం ఎదురుచూస్తున్నారు. నెట్ మేనేజర్‌లో లిజనర్ కింద డేటాబేస్ సర్వీసెస్ అనే పేజీ ఉంది. అక్కడ కాటా అనే పేరును, డేటాబేసు గుర్తును చేత్తో నింపితే ఆ సర్వీసు స్థిరంగా లిజనర్‌కు తెలుస్తుంది. నింపాను. వెంటనే దారి తెరుచుకుంది.

పేరు పరీక్షించే బటను నొక్కితే అది అలవాటుగా స్కాట్ అనే పాత నమూనా ఖాతాతో ప్రవేశించబోతుంది. మన డేటాబేసులో ఆ ఖాతా లేదు కనుక ఓఆర్‌ఏ-01017 వచ్చింది. గుమాస్తా గారు తెర చూసి, "ఇంకా తప్పే చూపిస్తోంది కదా బాబూ" అన్నారు. "లేదు బాబాయి గారూ, నీళ్ళు పొలం గట్టు దాకా వచ్చేశాయి, ఖాతా పేరు ఒక్కటి మార్చుకుంటే చాలు" అన్నాను. మార్చి నొక్కితే పరీక్ష నెగ్గింది.

సెప్టెంబరు 12

కొత్తపేట, రాజోలు పూర్తయ్యాయి. అనుభవం వచ్చాక ఒక్కో చోట గంటకు మించి పట్టలేదు. ఈరోజంతా భద్రత పని.

చీటీలలో రైతుల బ్యాంకు ఖాతా సంఖ్యలు ఉంటాయి కనుక, వీపీఎన్ ఉన్నప్పటికీ డేటాబేసు రాకపోకలను కూడా గుప్తీకరించాలనుకున్నాను. ప్రొఫైల్ కొమ్మలోని నెట్‌వర్క్ సెక్యూరిటీ పేజీలో ఎన్‌క్రిప్షన్ అమరిక ఉంది. దానికి విడిగా లైసెన్సు కొననవసరం లేదు. అక్కడ నాలుగు వైఖరులు ఉంటాయి: తిరస్కరించడం, అంగీకరించడం, కోరడం, తప్పనిసరి చేయడం. ఏమీ మార్చకపోతే ఇరువైపులా అంగీకరించడం అనే ఉంటుంది. ఎదుటివారు అడిగితే సరేననడానికి ఇద్దరూ సిద్ధమే, అడిగేవారే లేరు కనుక గుప్తీకరణ జరగదు. సర్వరు వైపు తప్పనిసరి అని పెట్టాను. నిజంగా జరుగుతోందో లేదో అమరిక తెర చెప్పదు. డేటాబేసులోని వీ$సెషన్_కనెక్ట్_ఇన్ఫో అనే పట్టికలో ఏఈఎస్256 అన్న గుప్తీకరణ పద్ధతి పేరు కాటా సెషన్ (తెరిచి ఉన్న సంబంధం) పక్కన కనిపించాకే నమ్మాను.

ఆపై ఎవరు రావచ్చో నిర్ణయించే పేజీ. నాలుగు కాటాల చిరునామా శ్రేణులను అనుమతించినవారి జాబితాలో రాసి, లిజనర్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. తరువాత లిజనర్ స్థితి చూస్తే డేటాబేసు నమోదు చేయవలసిన సర్వీసులు ఒక్కటీ కనిపించలేదు. జాబితాలో సర్వరు సొంత చిరునామా రాయలేదు. నమోదు చేయడానికి వచ్చే ఎల్‌రెగ్ కూడా ఆ తలుపు గుండానే రావాలి. దానికీ అనుమతి లేకపోయింది. లోకల్‌హోస్ట్‌ను, సర్వరు చిరునామాను చేర్చాక సర్దుకుంది. ఈ పేజీ దిద్దినప్పుడల్లా ముందుగా సొంత చిరునామా ఉందో లేదో చూడాలని గోడ మీది కాగితంలో రాయించాను.

సెప్టెంబరు 17

రాజోలు నుంచి ఫిర్యాదు. ప్రతి ఉదయం మొదటి చీటీ ఓఆర్‌ఏ-03135తో పోతోంది, ప్రోగ్రామును మూసి తెరిస్తే బాగుంటోంది. రాత్రంతా నిశ్శబ్దంగా ఉన్న సంబంధాన్ని మధ్యలోని రూటరు మరచిపోతోంది. ఇరుకొసలకూ ఆ సంగతి తెలియదు. ప్రొఫైల్‌లో టీఎన్‌ఎస్ గడువును సర్వరు వైపు 10 నిమిషాలుగా పెట్టాను. అప్పుడప్పుడు చిన్న పలకరింపు వెళ్తుంటుంది కనుక దారి మూసుకుపోదు. కొత్తగా తెరిచిన సెషన్లకే ఈ అమరిక వర్తిస్తుంది కాబట్టి అందరినీ ఒకసారి మూసి తెరవమన్నాను.

సెప్టెంబరు 24

ఈ పనిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగానికి వచ్చాను.

రెండవ సర్వరును తనంతట తాను సమానంగా నడిపించే డేటా గార్డ్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో తప్ప మా ఎడిషన్‌లో లేదు. అందుకే మండపేటలో తయారయ్యే ఆర్కైవ్ లాగ్ ఫైళ్ళను (డేటాబేసులో జరిగిన మార్పుల పద్దులను) 15 నిమిషాలకొకసారి రాజమహేంద్రవరానికి పంపి, అక్కడ తెరవకుండా ఉంచిన నకలు డేటాబేసుకు ఎక్కించే స్క్రిప్టు రాశాను. అంటే విపత్తు వస్తే చివరి 15 నిమిషాల చీటీలు పోవచ్చు. కార్బన్ కాగితం చీటీలు కాటా గదిలో ఉంటాయి కనుక వాటిని తిరిగి ఎక్కించుకోవచ్చునని యజమాని గారు ఒప్పుకున్నారు.

నెట్ మేనేజర్‌లో కాటా అనే పేరు కింద రెండవ చిరునామాను చేర్చి, వరుసగా ఒక్కొక్క చిరునామాను, ఒకటి ఫలించేవరకు ప్రయత్నించమనే ఎంపికను గుర్తించడం రెండు నిమిషాల పని. భయం అక్కడే ఉంది. మండపేట ఆగి, రాజమహేంద్రవరం నకలును అసలు డేటాబేసుగా తెరిచామనుకుందాము. కరెంటు వచ్చి మండపేట సర్వరు తనంతట తాను లేస్తే, రెండూ తెరిచి ఉంటాయి. కొత్తగా ప్రోగ్రాము తెరిచిన కాటా మండపేటకు, ముందే తెరిచి ఉన్న కాటా రాజమహేంద్రవరానికి రాస్తాయి. ఒకే చీటీ సంఖ్య ఇద్దరు రైతులకు పడుతుంది. ఒక పూట కాటా ఆగితే రైతు నొచ్చుకుంటాడు. తన ధాన్యం లెక్క వేరొకరి పేరున ఉంటే అతనికి ఏ సమాధానం చెప్పగలము? ఆగిపోవడం కంటే రెండుగా చీలిపోవడమే పెద్ద కీడు అన్నది నా అభిప్రాయం, ఈ అమరిక అంతా దాని మీదే కట్టాను.

కాటా అనే సర్వీసును డేటాబేసు పేరునుంచి వేరుచేసింది ఇందుకే. డేటాబేసు తెరుచుకున్నా ఆ సర్వీసు తనంతట తాను మొదలుకాదు. దాన్ని మొదలుపెట్టే ట్రిగ్గర్ (డేటాబేసు తెరుచుకోగానే దానంతటదే నడిచే ఆదేశం) రాయమని కుర్రవాడు సలహా ఇచ్చాడు; మామూలు చోట్ల నేనూ అదే రాస్తాను. ఇక్కడ రాయలేదు. సర్వరు పునఃప్రారంభమైన ప్రతిసారీ గుమాస్తా గారు రాజమహేంద్రవరం గదిలోని మనిషికి ఫోను చేసి, అక్కడ కాటా సర్వీసు నడవడం లేదని విన్నాకే, తెర మీద ఉంచిన గుర్తును నొక్కి ఇక్కడ మొదలుపెడతారు. సర్వీసు లేని చోట లిజనర్ 12514 అని చెబుతుంది, కాటా ప్రోగ్రాము తదుపరి చిరునామాకు వెళ్తుంది.

ఇంకొకటి: మొదటి యంత్రానికి కరెంటే లేకపోతే, రెండవ చిరునామాకు వెళ్ళేలోగా నిమిషం పాటు ఎదురుచూపు ఉంటుంది. లారీల వరుసలో నిమిషం చిన్నది కాదు. రవాణా స్థాయి గడువును 3 సెకన్లుగా ఫైలులో నేరుగా రాశాను. రాసేటప్పుడు నెట్ మేనేజర్ తెరిచి ఉంది; తరువాత దానిలో భద్రపరచు నొక్కితే తన జ్ఞాపకంలోని పాత రూపాన్నే ఫైలు మీద రాసేసి నా వాక్యాన్ని తుడిచివేసింది. చేత్తో దిద్దవలసి వస్తే ముందు పనిముట్టును మూయాలి.

అక్టోబరు 5, ఆదివారం

కాటాలకు సెలవు. మొదటి రిహార్సల్.

ఉదయం తొమ్మిదికి మండపేట సర్వరు కరెంటు తీసేశాము. రాజమహేంద్రవరంలో మిగిలిన లాగులు ఎక్కించి, నకలును అసలుగా మార్చి తెరిచి, కాటా సర్వీసును మొదలుపెట్టేసరికి 22 నిమిషాలు పట్టింది. రావులపాలెం నుంచి పరీక్ష చీటీ కొట్టారు. మూడు సెకన్ల ఆలస్యంతో రాజమహేంద్రవరంలో నమోదైంది. అందరి ముఖాలూ వెలిగాయి.

అసలు పరీక్ష తరువాతిది. మండపేట సర్వరును మళ్ళీ లేపి, సర్వీసు మొదలుపెట్టకుండా వదిలేసి, రాజోలు వారిని చీటీ కొట్టమన్నాను. చీటీ నమోదైంది. రాజమహేంద్రవరంలో వెతికితే లేదు. మండపేటలో ఉంది.

నేను ఏ కీడుకు భయపడ్డానో అదే జరిగింది. కారణం సెప్టెంబరు 7 నాటి సాయంత్రం. డేటాబేస్ సర్వీసెస్ పేజీలో నేను చేత్తో నింపిన కాటా అనే స్థిరమైన పేరు అక్కడే ఉంది. స్థిరంగా రాసిన సర్వీసు నిజంగా నడుస్తోందా లేదా అని లిజనర్ ఎవరినీ అడగదు. డేటాబేసు తలుపు చూపించి పంపేస్తుంది. ఆ రోజు 12514కు అసలు కారణం వెతకకుండా నేను అడ్డదారి వేశాను. ఇప్పుడు కూర్చుని వెతికితే పది నిమిషాల్లో తేలింది: డేటాబేసుకు డొమైన్ పేరు ఉంది కనుక సర్వీసు డొమైన్‌తో కలిపిన పూర్తి పేరుతో నమోదవుతోంది, కాటా గదుల పట్టికలో పొట్టి పేరు ఉంది. లిజనర్ స్థితిని చదివి ఉంటే ఆ రోజే కనిపించేది.

నాలుగు చోట్లా పట్టికలో పూర్తి పేరు రాయించాను. రెండు సర్వర్లలోను డేటాబేస్ సర్వీసెస్ పేజీని ఖాళీ చేసి, లిజనర్లను మళ్ళీ చదివించాను. యజమాని గారికి జరిగినది జరిగినట్టు చెప్పి, మరో ఆదివారం అడిగాను. ఆయన ఇచ్చారు. మండపేట యంత్రాన్ని తిరిగి నకలుగా కట్టడానికి తెల్లవారుజాము అయింది.

అక్టోబరు 12, ఆదివారం

రెండవ రిహార్సల్, ఈసారి రాజమహేంద్రవరం నుంచి మండపేటకు తిరుగు ప్రయాణం. 17 నిమిషాలు. తరువాత పాత అసలును లేపి, నాలుగు కాటాల నుంచి అయిదేసి చీటీలు కొట్టించాము. ఇరవై చీటీలూ ఒక్క మండపేటలోనే ఉన్నాయి. రాజమహేంద్రవరంలోని లిజనర్ లాగ్ చదివాను. అక్కడ కాటా పేరుతో ఒక్క సంబంధమూ ఏర్పడలేదు. ఆపై మండపేటలో సర్వీసును ఆపి, డేటాబేసును మాత్రం నడవనిచ్చి చూశాను. నాలుగు కాటాలూ 12514 చూపి ఆగిపోయాయి. ఆగిపోవడమే మాకు కావలసింది.

అక్టోబరు 29

కాటా గదుల గోడలకు అంటించిన కాగితంలో ఇప్పుడు అయిదు సంఖ్యలు ఉన్నాయి: 12154 వస్తే పట్టిక చూడాలి, 12170 వస్తే రూటరు చూడాలి, 12541 వస్తే మండపేటకు ఫోను చేసి లిజనర్ గురించి అడగాలి, 12514 వస్తే ఏమీ ముట్టుకోకుండా గుమాస్తా గారికే చెప్పాలి, 01017 వస్తే పాస్‌వర్డు. నాలుగవ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీయించాను.

రాజోలు కాటాకు మరో నియమం చేర్చాము. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకు రెండవ ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, ఎగురవేసినప్పుడు అక్కడి కంప్యూటరును మేడ మీదికి చేర్చి, కార్బన్ చీటీలతోనే పని చేస్తారు.

ఈ ఉదయం మండపేట మిల్లుకు కొత్త సార్వా ధాన్యం మొదటి ట్రాక్టరు వచ్చింది. తేమ ఎక్కువగా ఉందని ఆరబెట్టమని పంపేశారు, కనుక చీటీ పడలేదు. మధ్యాహ్నం కొత్తపేట నుంచి పడింది: 42 బస్తాలు. కుర్రవాడు లిజనర్ స్థితిని తెరిచి, కాటా పూర్తి పేరు ఒక్కచోటే ఉందని నాకు చూపించాడు.